స్టేజీకి బొడ్రాయి

ఎర్రగట్టు స్టేజీ,
జూలై 31, 2022

అన్నా,

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. మా ఇంటి ముందుగది ఇప్పుడు మండల సాధన సమితి ఆఫీసు. నేను వంటింట్లో ఫోన్ ఎత్తితే, అక్కడ మీ బావ ఎరువుల దుకాణం యూరియా బస్తాల మీద కూర్చున్నవాళ్లంతా మాటలు ఆపి వింటారు. ఉత్తరమైతే బడికి పోతూ డబ్బాలో వేస్తాను. నువ్వు కూడా బడి అడ్రసుకే రాయి.

కొత్త మండలాల ముసాయిదాలో ఎర్రగట్టు పేరు వచ్చిన సంగతి నీకు తెలుసు. మండల కేంద్రం మాత్రం లోపలి ఊళ్లో పెడతారట. బస్సులు ఆగేది మా స్టేజీలో. బ్యాంకు, ఎరువుల దుకాణాలు, మందుల షాపు, అంగడి, అన్నీ ఇక్కడే. ఊరు మూడు కిలోమీటర్ల లోపల ఉంది. అందుకని మీ బావ బస్ షెల్టర్ పక్కన టెంటు వేయించి రిలే దీక్షలు మొదలుపెట్టాడు. సమితికి ఆయనే అధ్యక్షుడు.

ఊరివాళ్లు వెక్కిరిస్తున్నారు. "గదొక ఊరా? బస్సు ఆగే జాగా. బొడ్రాయి లేనిది ఊరెట్లయితది?" అని వాళ్ల సర్పంచ్ మైకులో అన్నాడు. ఆ మాట మీ బావకు బాగా తగిలింది. నిజమే, ఊరన్నాక నడుమ ఊరికి బొడ్డులా పాతిన బొడ్రాయి ఉంటుంది. మా స్టేజీకి లేదు.

గురువారం నాడు దొరికింది. టెంటు గుంజ కోసం మట్టి తవ్వుతుంటే మల్లేశ్ గడ్డపారకు తగిలిందట. మల్లేశ్ అంటే ట్రాక్టర్లు నడిపే అతను, సమితి కార్యదర్శి. కింద నలుపలకలు, పైన గుండ్రం, అచ్చంగా బొడ్రాయే. జనం ఈలలు వేశారు. "ఊరు వందేండ్లదే. మనమే మర్చిపోయినం" అని మీ బావ మైకు పట్టుకొని చెప్పాడు. శ్రావణంలోనే మళ్లీ ప్రతిష్ఠ చేసి, అధికారులను పిలుస్తారట.

ఇక విలేకరిగా నీ పని. "మీ అన్నతోని స్టేజీ చరిత్ర రాయించు. ఆదివారం పేజీల రావాలె. ఆయన రాస్తే కలెక్టర్ కచేరీల చదువుతరు" అని మీ బావ రోజూ పోరుతున్నాడు. వచ్చి చూసి రాయి. నాకైతే సంతోషంగానే ఉంది.

నాగరాణి

(సంతోషం అన్న మాట ఒకసారి రాసి కొట్టేసి మళ్లీ రాశాను. నీ కంటికి ఎలాగూ పడుతుంది.)


మహబూబ్‌నగర్,
ఆగస్టు 3

చెల్లె నాగరాణికి,

కొట్టేసిన మాట చూశాను.

రాయి బయటికి వచ్చినప్పుడు అక్కడ ఎవరెవరు ఉన్నారు? "తగిలిందట" అని రాశావు కాబట్టి నువ్వు లేవు. బావ ఉన్నాడా? ఎంత లోతులో ఉంది, నిలువుగా ఉందా, పడి ఉందా? ఇవి ఎవరి మీదా అనుమానంతో అడిగేవి కావు. బావిలో మేక పడిందన్నా నేను ఇవే అడుగుతాను.

మొన్న ఆదివారం పేజీ కోసం అమెరికా పల్లె పట్టణాల చరిత్ర చదవాల్సి వచ్చింది. నూట ముప్పై, నూట నలభై ఏళ్ల కింద అక్కడ రైలు ఆగిన చోటల్లా ఒక ఊరు లేచింది, మీ స్టేజీ లాగానే. వెనక చరిత్ర లేదు కాబట్టి పెద్ద పెద్ద చరిత్రలు అచ్చు వేయించుకున్నారు. జిల్లా కచేరీ మాకంటే మాకని కొట్టుకున్నారు. కొన్ని చోట్ల ఒక ఊరివాళ్లు బండ్లు కట్టుకొని పోయి పక్క ఊరి కచేరీ దస్త్రాలు ఎత్తుకొచ్చారు. దస్త్రాలు ఎక్కడుంటే కచేరీ అక్కడే అని వాళ్ల లెక్క. అలా గెలిచిన ఊళ్లలో కొన్నింటికి ఇప్పుడు మిగిలింది ఒక పెద్ద కచేరీ, మూసిన దుకాణాలు.

మన దస్త్రాలు కంప్యూటర్లో ఉన్నాయి. ఎత్తుకొచ్చేందుకు ఇంకేం మిగిలిందా అని ఆలోచిస్తున్నాను.

ఇంకొకటి. బొడ్రాయి పండుగంటే ఆ ఊళ్లో పుట్టి బయటికి పోయిన ఆడబిడ్డలందరినీ బొట్టు పెట్టి పిలవాలి. వాళ్లు బిందెతో నీళ్లు పోయనిదే రాయి నిలవదంటారు. మీది వందేళ్ల ఊరైతే, అక్కడ పుట్టిన డెబ్బై, ఎనభై ఏళ్ల ఆడబిడ్డ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఒక్కరి పేరు చెప్పు. ఆమెతో మాట్లాడి చరిత్ర రాస్తాను.

హనుమంతు


ఎర్రగట్టు స్టేజీ,
ఆగస్టు 7

అన్నా,

నీ ఉత్తరం చదువుతుంటే ఠాణాలో నిలబెట్టినట్టుంది. అయినా జవాబు చెప్తాను.

తవ్వింది మల్లేశ్, అతని డ్రైవర్లు ఇద్దరు. తెల్లవారి దుకాణాలు తెరవకముందే మొదలుపెట్టారు. మీ బావ పోయేసరికి రాయి బయటికి వచ్చి ఉంది. ఇది ఆయన చెప్పిన మాట.

ఆడబిడ్డల గురించి నువ్వు అడిగిందే మొన్న ముందుగదిలోనూ వచ్చింది. నేను చాయ్ పోస్తూ విన్నాను.

"స్టేజీల పుట్టిన ఆడబిడ్డలు ఎవలెవలున్నరు?" అని మీ బావ అడిగాడు.

"నా బిడ్డ ఉన్నది" అన్నాడు హోటల్ గోపయ్య.

"నీ బిడ్డ తొమ్మిదో తరగతి గదనే గోపన్నా. ముసలోళ్లు కావాలె. పెండ్లయి పోయినోళ్లు."

"ముసలోళ్లు యాడికెళ్లి వస్తరు? నేనొచ్చి ఇరవై ఏండ్లాయె. నేను రాకముందు గీడ కుక్కలు సుత లేకుండె."

"కిరాయికి తెద్దం తియ్. డీసీఎం బండి నేను కట్టిస్త" అన్నాడు మల్లేశ్. అందరూ నవ్వారు. మీ బావ నవ్వలేదు.

షెల్టర్ పక్కన మక్క కంకులు కాల్చే జానమ్మ అప్పుడు గడప దగ్గరికి వచ్చింది. అరవై అయిదేళ్లుంటాయి. "నన్ను పిలువుండ్రి. నేను గీడనే పుట్టిన. మా అమ్మ గీ రోడ్డుకు కంకర కొట్టింది. రోడ్డు పనోళ్ల గుడిసెల కన్నది నన్ను" అంది.

"అయితే బొడ్రాయి నీకెరికుండాలె గదా" అన్నాడు మల్లేశ్.

"యాడి బొడ్రాయి? గప్పుడు గీడ రాతిగుండ్లు తప్ప ఏం లేకుండె. గా గుండ్లన్ని మా అమ్మనే పగులగొట్టె."

"ముసల్దానికి మతి తప్పింది. పో పో, కంకులు మాడుతున్నయ్" అని పంపేశారు.

నువ్వు ఎవరిని అనుమానిస్తున్నావో పేరు పెట్టి రాయి. అనుమానం కాదని రాసి అనుమానం పంపకు.

రాయిని కడిగింది మేము ఆడవాళ్లమే. ఆ సంగతి ఇంకోసారి.

నాగరాణి


మహబూబ్‌నగర్,
ఆగస్టు 10

నాగరాణీ,

నిన్న ఉత్తరం అందగానే బస్సెక్కి స్టేజీకి వచ్చాను. మీ ఇంటికి రాలేదు. వస్తే బావ అన్నం పెట్టేవాడు. ఆయన పెట్టిన అన్నం తిని ఆయన మీద వాకబు చేయడం నాకు చేతకాదు. కోపం వస్తే రానీ.

గోపయ్య హోటల్లో కూర్చున్నాను. నన్ను పురుగు మందుల కంపెనీ మనిషి అనుకున్నాడు. రాయికి పసుపు బట్ట కప్పారు, దగ్గరికి పోనివ్వలేదు. గుంత మాత్రం చూశాను. చుట్టూ ఎర్ర చెలక మన్ను, గడ్డపార గుర్తులు. గుంత మోకాలి లోతు ఉంది. రాయి నడుము ఎత్తు ఉంది. అంటే సగం రాయి ఇన్నేళ్లూ బస్ షెల్టర్ పక్కన పైకి కనబడుతూ ఉండాలి. పడి ఉందనుకుంటే గుంత పొడుగ్గా ఉండాలి, గుండ్రంగా కాదు.

జానమ్మ దగ్గర కంకి కొనుక్కొని మాట్లాడాను. వాళ్ల గుడిసెలు ఎక్కడుండేవో, తాగే నీళ్లు ఎక్కడ తెచ్చుకునేవారో చూపించింది. ఆమె మాట నమ్ముతున్నాను. అందులో ఆమెకు వచ్చేదేమీ లేదు. ఆమె చెప్పినదే మీ స్టేజీ చరిత్ర అయితే, అది మంచి చరిత్రే. దాన్ని రాయమంటే రేపే రాస్తాను.

పేరు పెట్టి రాయమన్నావు. నా దగ్గర పేరు లేదు. నీ దగ్గర ఏదో ఉంది. ఇంకోసారి అన్నది ఈసారే రాయి.

హనుమంతు


ఎర్రగట్టు స్టేజీ,
ఆగస్టు 13

అన్నా,

స్టేజీ దాకా వచ్చి చెల్లెలి ఇల్లు తప్పించుకొని పోయినవాడివి నువ్వొక్కడివే ఉంటావు. గోపయ్య మీ బావకు చెప్పాడు, "మందుల కంపెనాయన గుంతకు ఫోటో తీస్కపోయిండు" అని. పోలికలు చెప్పగానే మీ బావ నా ముఖం చూశాడు. నేను కూర తరుగుతూ ఉండిపోయాను.

రాయి సంగతి. దొరికిన రోజు నేనూ, పక్కింటి నిర్మలమ్మా, ఇంకొందరం కడిగాం. పైన ఎర్ర మన్ను పూసినట్టు ఉంది, ఒక్క చెంబుకే పోయింది. కింద పగుళ్లలోంచి నల్ల ఒండ్రు వచ్చింది. ఒండ్రులో సన్న నత్తగుల్లలు. మా స్టేజీలో తాగే నీళ్లే ట్యాంకరులో వస్తాయి. పిల్లలకు నత్త పాఠం చెప్పాలంటే బోర్డు మీద బొమ్మ గీస్తాను. నిర్మలమ్మ కూడా చూసింది. "కడుగు వదినా, జల్ది కడుగు" అని బిందె మొత్తం కుమ్మరించింది. ఒక గుల్ల మాత్రం నా కొంగులో పడింది. బడిలో సుద్దముక్కల డబ్బాలో దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు.

ఆ పూట అన్నం దగ్గర మీ బావను అడిగాను.

"గా రాయి యాడిది?"

"భూమిలది."

"మన భూమి ఎర్రగుంటది. దానికి నల్లమన్నున్నది."

"టీచరమ్మవు, బడిల అడుగు ప్రశ్నలు."

కొంచెం సేపటికి ఆయనే చెయ్యి కడుక్కొని వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టు. నాకేం తెల్వదు. మల్లేశ్ తవ్విండు, నేను చూసిన. గంతే."

అన్నా, పెళ్లయినప్పటి నుంచి ఆయన నాతో అబద్ధం ఆడగా నేను చూడలేదు. దుకాణంలో ఏదైనా పురుగు మందు పని చేయదనుకుంటే రైతుతో చెప్పి అమ్మడం మానేసే మనిషి. మండలం ఎక్కడికైనా పోనీ. ఆయనకు తెలిసి చేశాడా, తెలియక చేశాడా, అదొక్కటే నాకు కావాలి. నీకు తెలిస్తే పేపరు కంటే ముందు నాకు చెప్పు.

నాగరాణి


మహబూబ్‌నగర్,
ఆగస్టు 17

నాగరాణీ,

పేపరు కంటే ముందు నీకే చెప్తున్నాను.

నల్ల ఒండ్రు, నత్తలు అన్నావు కాబట్టి ప్రాజెక్టు నీళ్ల వైపు చూశాను. మన చిన్నప్పుడే రాగిదొడ్డి అనే ఊరు నీళ్ల కింద పోయింది. ఎండాకాలం నీళ్లు దిగితే ఊరి గోడలు బయటపడతాయి. మొన్న మే నెలలో నేనే అక్కడికి పోయి వార్త రాశాను. ఫోటోలు వెతికాను. ఒకదానిలో బొడ్రాయి ఉంది. నలుపలకలు, పైన గుండ్రం, ఎడమ భుజం మీద అరచేయంత పెచ్చు ఊడి ఉంది. మీ రాయికి ఆ చోట పెచ్చు ఉందో లేదో నువ్వే చూసుకో.

జూన్ మొదట్లో అక్కడి నుంచి చేన్లకు ఒండ్రు తోలిన ట్రాక్టర్లలో మల్లేశ్‌వి ఉన్నాయి. ఇది ఇద్దరు రైతులు విడివిడిగా చెప్పారు. ముసాయిదా రాకముందే ఎత్తి పెట్టారంటే, ఎవరో చాలా ముందు నుంచే ఆలోచించారు.

రాగిదొడ్డి వాళ్లు ఇప్పుడు కొత్తకోట దగ్గర కాలనీలో ఉంటున్నారు. అక్కడికీ పోయాను. ఈదమ్మ అని డెబ్బై దాటిన మనిషి. ఆమె, ఆమె తోటి ఆడబిడ్డలు ఏటా నీళ్లు దిగినప్పుడు పోయి బొడ్రాయికి బిందెడు నీళ్లు పోసి వస్తారు. "నీళ్లల్ల ఉన్నదానికి మళ్ల నీళ్లెందుకవ్వా?" అని అడిగాను. "అవి సర్కారు నీళ్లు బిడ్డా, మేం పోసేటివి మావి" అంది. ఈ ఏడు మేలో పోసి వచ్చారు. ఇప్పుడు అక్కడ నిండా నీళ్లు. రాయి లేదన్న సంగతి వాళ్లకు తెలియదు. నేను చెప్పలేదు.

ఇక నువ్వు అడిగింది. బావకు తెలుసు అనడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలియదు అనడానికీ లేదు. ఒట్టును నేను ఆధారంగా తీసుకోను.

వచ్చే బుధవారం మీ పండుగ. గురువారం వార్త పంపుతాను. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే చాలు.

హనుమంతు


ఎర్రగట్టు స్టేజీ,
ఆగస్టు 26

అన్నా,

నిన్నటి పేపర్లో నీ వార్త రాలేదు, ఇవాళ వచ్చింది. చదివాను. నువ్వు లేని పండుగ ఎలా జరిగిందో నువ్వు ఎవరినో అడిగి రాశావు. బాగానే రాశావు. ఒకటి మాత్రం నీకు ఎవరూ చెప్పి ఉండరు.

పొద్దున్నే బలి అన్నం పొలిమేర చుట్టూ చల్లారు. చల్లాక లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. రోడ్డు మీద బస్సులను మాత్రం ఆపలేకపోయారు. బస్సు దిగనివ్వకుండా కుర్రాళ్లను నిలబెట్టారు. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. మండల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మీ బావ రాయి దగ్గర మైకుతో ఉన్నాడు. నేను ఆయన పక్కనే పసుపు పళ్లెం పట్టుకొని ఉన్నాను.

కొత్తకోట దిక్కు నుంచి రెండు ఆటోలు వచ్చి పొలిమేర దగ్గర ఆగాయి. ముసలమ్మలు దిగారు. అందరి చంకల్లోనూ బిందెలు. కుర్రాళ్లు అడ్డం పోయారు.

"పొలిమేర కట్టిన్రవ్వా, లోపటికి రావద్దు."

"బొట్టు పెట్టి పిలిచిన ఆడబిడ్డను ఆపతందుకు నువ్వెవనివిరా?" ఆ గొంతు మా దాకా వినిపించింది.

జనమంతా అటు తిరిగారు. ఎవరు వీళ్లు, ఏ ఊరివాళ్లు, ఎవరు పిలిచారు అని గుసగుసలు. మల్లేశ్ టెంటు వెనక్కి జరిగాడు. మీ బావ నోటి దగ్గర మైకు ఉంది. ఆయన అన్నాడు: "రాగిదొడ్డి అవ్వలొచ్చిన్రు. జర తొవ్వ ఇడువుండ్రి."

అన్నా, వాళ్లు ఊరి పేరు చెప్పలేదు. ఆటోల మీద పేరు లేదు. స్టేజీలో రాగిదొడ్డి అన్న మాట అప్పటి దాకా ఎవరి నోటా రాలేదు. ఏ ఊరోళ్లని ఆయన ఎవరినీ అడగలేదు.

తర్వాతది నువ్వు రాశావు. ఈదమ్మ రాయి ఎడమ భుజం తడిమింది. "గీ పెచ్చు మా నాయిన బండి తగిలి లేసింది. గీ తల్లి మాది" అంది. మండల ఆఫీసాయన ఫోన్ వచ్చినట్టు లేచి పోయాడు. రాయిని మల్లేశ్ ట్రాక్టరులోనే ఎక్కించారు. మల్లేశే నడుపుకుంటూ పోయి కాలనీలో దింపి వచ్చాడు. ఈదమ్మ డ్రైవరు సీటు పక్కన కూర్చుంది. వాడు దారి పొడుగునా ఆమె వైపు తల తిప్పలేదట.

ఇంటికి వచ్చాక మీ బావ గోడ వైపు చూస్తూ అడిగాడు.

"వాళ్లకు బొట్టు పెట్టింది మీ అన్ననా?"

"మగోళ్లు బొట్టు పెడ్తరా? నేనే. మొన్న ఆయితారం కొత్తకోట పోయింది అందుకే."

"ఎందుకు పిలిస్తివే?"

"ముసలి ఆడబిడ్డలు కావాలంటివి గదా."

ఆయన కండువా తీసి కొక్కేనికి తగిలించి దుకాణంలోకి పోయాడు. రాగిదొడ్డి పేరు ఎట్ల తెలుసని నేను అడగలేదు. ఆయన చెప్తాడేమోనని చూస్తున్నాను.

నాగరాణి


మహబూబ్‌నగర్,
సెప్టెంబర్ 29

నాగరాణీ,

తుది ఉత్తర్వు చూసి ఉంటావు. మండల కేంద్రం స్టేజీకే వచ్చింది. కారణం ఒక్క వాక్యం: రోడ్డు సౌకర్యం, ఖాళీ ప్రభుత్వ భవనం ఉన్నందున. వందేళ్ల గురించి గానీ బొడ్రాయి గురించి గానీ ఒక్క ముక్క లేదు. దాని ఫైలు చూసిన గుమస్తాను అడిగాను. "చరిత్ర ఎవలడిగిన్రు సార్?" అన్నాడు. అమెరికా ఊళ్లలో దస్త్రాలు ఎత్తుకొచ్చినవాళ్లు గెలిచారు. ఇక్కడ ఎత్తుకొచ్చింది తిరిగి ఇచ్చేసి కూడా గెలిచారు.

నా వార్తలో మల్లేశ్ పేరు ఉంది. బావ పేరు లేదు. అప్పటికి నా దగ్గర ఆధారం లేదు కాబట్టి రాయలేదు. నీ ఉత్తరం తర్వాత ఉంది. వేదిక మీద, మైకులో, నూరుమంది ముందు అన్న మాట అది. రాయదగినదే. రాయలేదు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో దగ్గర పెట్టుకొని రాయనిది ఇదొక్కటే. నువ్వు రాయమంటే రాస్తాను.

జానమ్మ మీద రాసింది ఆదివారం పేజీలో వస్తుంది. ఎర్రగట్టు స్టేజీ చరిత్ర అనే పెట్టాను.

బావ ఏమైనా చెప్పాడా?

హనుమంతు


ఎర్రగట్టు స్టేజీ,
అక్టోబర్ 14

అన్నా,

జానమ్మ ఫోటో ఉన్న పేజీని గోపయ్య హోటల్లో అంటించాడు. కంకులు కొనేవాళ్లు ఆమెను ఆడబిడ్డా అని పిలుస్తున్నారు, సగం వేళాకోళంగానే. "అయితే చీర పెట్టుండ్రి" అంటోంది ఆమె.

గుంత ఇంకా పూడ్చలేదు. మండల ఆఫీసు బోర్డు అక్కడే పాతుదామని ఒకరు, వద్దని ఒకరు.

మీ బావ చెప్పాడు. నేను అడగకుండానే చెప్పాడు. దసరా నాడు చేతిలో జమ్మి ఆకు పెట్టి, నా చెయ్యి పట్టుకొని అన్నాడు: "గా దినం రాగిదొడ్డి అంటే నువ్వు నన్ను తప్పు పట్టినవని ఎరికే. గా ముంగటి ఆటో డ్రైవర్ నాకు తెల్సినోడు. పొలిమేర కాడికెళ్లి ఫోన్ చేసి చెప్పిండు, రాగిదొడ్డి అవ్వలను తెచ్చిన అని. గందుకే అన్న."

నేను సరే అన్నాను. ఆయన ముఖం తేటపడింది. ఆ రోజు రెండుసార్లు వడ్డించుకొని తిన్నాడు.

అన్నా, ఆ గందరగోళంలో నా కళ్లు ఆటోల మీదే ఉన్నాయి, ఆయన ఫోన్ ఎత్తాడో లేదో చూడలేదు. కానీ ఆ రెండు ఆటోలూ కొత్తకోటలో మాట్లాడింది నేను. మంగళవారం బడి నుంచి అటే పోయాను. ముందు ఆటో నడిపింది వెంకటయ్య అనే ఆయన. మా స్టేజీలో ఎవరైనా తెలుసా అని అడిగాను. ఎవరూ తెలియదన్నాడు. ఆ రోజు పొలిమేర దగ్గర ఎవరికైనా ఫోన్ చేశావా అని అడిగాను.

"నాకు ఫోన్ లేదు మేడమ్. ఎండకాలంలనే పోయింది. మీరు కిరాయి మాట్లాడతందుకు స్టాండు కాడికి రాకపోతిరా?"

తిరిగి వచ్చేసరికి మీ బావ దుకాణంలో ఒక రైతుకు చెప్తున్నాడు, ఈ మందు పని చేయదు, తీసుకుపోకు అని. నిజమే చెప్తున్నాడు. నాకు తెలుసు. అయినా రైతు పోయాక ఆ డబ్బా తీసి తారీఖు చూశాను.

నువ్వు రాయకు. నేనూ ఆయనతో ఏమీ అనలేదు. నత్తగుల్లను సుద్దముక్కల డబ్బాలోంచి తీసి ఇంటికి తెచ్చాను. గూట్లో, ఆయన రోజూ అద్దం చూసుకునే చోట పెట్టాను. రెండు రోజులుగా దాన్ని కదిలించకుండా దాని పక్క నుంచి దువ్వెన తీసుకుంటున్నాడు.

నాగరాణి